చిలుక కంట్ల నల్ల ఎంటిక

మొన్న నేను చేసిన పని చెప్తే మీరు చాయ్ కింద పెట్టి నవ్వుతరు. నాకైతే నాలుగు దినాలు ముద్ద దిగలే.

నాది నిర్మల్. కొయ్యబొమ్మలకు రంగులేస్త. నిరుడు ఊపిరితిత్తుల గడ్డ బయటపడ్డది. ఇప్పుడన్నీ కొత్త మందులు కదా, దినాం ఒక్క గోలి, అంతే. గడ్డ సగానికి సగం కరిగింది. కరీంనగర్‌ల డాక్టరమ్మ మాత్రం గట్టిగ చెప్పింది, కండ్లల్ల ఏ తేడా వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యాలని.

సోమవారం చిలుకబొమ్మకు కన్ను దిద్దుతున్న. పచ్చి రంగు మీద సన్నగ నల్ల ఎంటిక. కుంచెదే రాలిందనుకొని గోటితోటి తీసిన. పోలే. ఇంకో చిలుకను పట్టిన, దానికీ ఉన్నది. నాసిరకం కుంచెలు తెచ్చినవని మా ఇంటామె రాజవ్వను తిట్టి, మూడు కుంచెలు చెత్తల పారేసిన. గీకి గీకి పదకొండు చిలుకలను గుడ్డివి చేసిన.

ఆఖరికి తలకాయెత్తి సున్నం గోడ దిక్కు చూస్తే, గోడ మీద గూడ గదే ఎంటిక! అప్పుడు సమజైంది. ఎంటిక ఉన్నది నా కంట్ల.

చెప్తే గోలి బంద్ చేస్తరేమో. గోలి ఆగితే గడ్డ ఊకుంటదా? చెప్పకుంటే కండ్లు పోతయేమో. గీ పరేషాన్‌ల నాలుగు దినాలు నోరు మూసుకున్న. కండ్లెంబడి నీళ్ళు కారితే, రంగు వాసనని అబద్ధమాడిన. ఐదో దినం రాజవ్వ పసిగట్టి బస్సెక్కిచ్చింది. తొవ్వ పొడుగునా ఒక కన్ను మూసుడు, బోర్డు చదువుడు, ఇంకో కన్ను మూసుడు, మళ్ళ చదువుడు.

డాక్టరమ్మ టార్చి కొట్టి చూసి నవ్వాపుకున్నది.

"టాబ్లెట్ ఆపాల్సిన పని లేదు అంకుల్. మీ రెప్పల వెంట్రుకలు పొడుగు పెరిగి, వంకర తిరిగి కంటికి అడ్డం పడుతున్నాయి. ఈ మందుకు కొందరికి అట్లనే పెరుగుతాయి. పక్కన కంటి డాక్టరు కత్తిరిస్తారు. ఇంట్లో మీరు కత్తెర పట్టొద్దు. అసలు నాలుగు రోజులు ఎందుకు ఆగారు?"

అక్కడనే కూసోని నిజంగనే ఏడ్చిన.

కంటి డాక్టరు కత్తెర పట్టంగనే రాజవ్వ అడ్డం వచ్చింది.

"జర ఆగు సారూ. ముప్పై ఏండ్ల సంది గీ మొఖం చూస్తున్న, ఇప్పుడే జర ముచ్చటగ అయిండు. ఒక్క ఫోటో తీసుకోనియ్యి."

తీసుకొని ఊకున్నదా? చుట్టాల వాట్సాప్ గ్రూపుల పెట్టింది. ఇప్పుడు ఫోన్ చేసినోళ్ళు ఒక్కరు గూడ గడ్డ సంగతి అడుగుతలేరు. ఏ కాటుక పెడుతున్నవని అడుగుతున్నరు.