మావయ్య స్కూటర్ చుట్టూ ప్రదక్షిణ

మొన్న మా అమ్మాయి, కొత్తగా లైసెన్సు వచ్చిన హుషారులో, ఎక్కీ ఎక్కగానే కారు తాళం తిప్పింది. వెనక సీట్లోంచి ఎనభై దాటిన మా అత్తయ్య కేకేసింది. "ఓలమ్మీ, సుట్టూ తిరక్కుండానే తీసెత్తన్నావేటి?" పిల్ల తెల్లమొహం వేసింది. నాకు మాత్రం నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి.

మావయ్య, అంటే మా అమ్మకు అన్నయ్య, డెబ్బై ఒకటి యుద్ధంలో బాంబర్ విమానం నడిపి పతకం తెచ్చుకున్న మనిషి. రిటైరై కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ పతకం అత్తయ్య గుండీల డబ్బాలో, ఊడిన హుక్కుల మధ్య పడి ఉండేది. తొంభైల్లో నేను వాళ్ళింట్లో ఉండి ఉద్యోగానికి వెళ్ళేవాణ్ణి. మావయ్య శౌర్యం సంగతేమో గానీ, ఆయన స్కూటర్ సంగతి నాకు బాగా తెలుసు. ఎక్కడికి బయల్దేరినా ముందు దాని చుట్టూ ప్రదక్షిణ చేసి, ఒక్కోదాన్నీ తాకి పైకి పేరు చెప్పేవాడు. టైరు, బ్రేకు, లైటు, హారను. ప్రతిదానికీ అత్తయ్య "సరే" అనాలి. పరధ్యానంలో ఒక్కటి మరిచిపోయిందా, మళ్ళీ ముందు టైరు నుంచి మొదలు. "సేపల బజారుకెల్తన్నామా, యుద్దానికెల్తన్నామా?" అని ఆవిడ సంచి పట్టుకుని సణిగేది. వీధంతా నవ్వుకునేది. నేను సిగ్గుపడి బస్‌స్టాప్‌కి నడిచే పోయేవాణ్ణి.

అప్పట్లో నేనొక ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్ని. ఒకరోజు కిందనున్న మనిషి సైగ చేయకముందే బరువు దించేశాను. అతను పక్కకు దూకాడు కాబట్టి బతికాడు. తప్పు పూర్తిగా నాదే. ఆ తర్వాత క్రేన్ నిచ్చెన తలుచుకుంటేనే చేతులు వణికేవి. కొన్నాళ్ళు సెలవు పెట్టి, చివరికి రాజీనామా రాసుకున్నాను.

మావయ్య ఆ కాగితం చదివి, మడిచి నా చేతికిచ్చాడు. యుద్ధం గురించి ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

"నాకూ వణికినాయిరా అల్లుడూ. ఒక ఇంజను పోయినా ఇమానాన్ని ఇంటికి తెచ్చినానని తరవాత పతకం ఇచ్చినారు. ఆ మర్నాడే మళ్ళీ ఎల్లమంటే నిచ్చెన ఎక్కనేకపోనాను. ఆ సంగతి ఎవులూ రాయనేదు. ఇమానంలో దారి సూపే నా నావిగేటరు, 'యుద్దం సంగతి తరవాత, ముందు టైరు సూడు' అన్నాడు. సూసినాను. తరవాత బ్రేకు. సుట్టూ తిరిగొచ్చేసరికి కాళ్ళే ఎక్కేసినాయి."

మర్నాడు పొద్దున్న స్కూటర్ చుట్టూ నాచేత ప్రదక్షిణ చేయించాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, సణక్కుండా అన్నిటికీ "సరే" అంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపి వెళ్ళిపోయాడు.

నిచ్చెన దగ్గర నిలబడి పైకే చదివాను. తాడు, కొక్కెం, బ్రేకు, గంట. అంతలో పక్కనుంచి ఎవరో "సరే, ఎక్కు బావా" అన్నారు. తిరిగి చూస్తే, ఆరోజు పక్కకు దూకి బతికిన మనిషే. ఎక్కాను. రిటైరయ్యేదాకా ఎక్కుతూనే ఉన్నాను.

మావయ్య పోయాడు, స్కూటర్ పాత ఇనుములోకి పోయింది. మొన్న ఈ సంగతంతా చెప్పాక, మా అమ్మాయి గొణుక్కుంటూనే కారు దిగి, చుట్టూ తిరిగి "టైరు" అంది. వెనక సీట్లోంచి అత్తయ్య "సరే" అంది. ఎన్నేళ్ళు గడిచినా, బండి కదిలే ముందు ఆ అరనిమిషం మాత్రం ఇంకా మావయ్యదే.