మా మనవరాలి బడిలో బీరువా తాళం

మా మనవరాలి హైస్కూల్లో లైబ్రరీ బీరువాకి ఏడాది పొడుగునా తాళమే. పిల్లలకి ఒక్క పుస్తకం ఇచ్చిన పాపాన పోలేదు.

తొంభైల చివరి మాట. విజయవాడ వన్ టౌన్‌లో పచారీ కొట్లో పనిచేసేవాణ్ణి. మూడో తరగతితో బడి మానేసి, పొట్లాలు కట్టే పాత పేపర్లలోనే చదువు నేర్చుకున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా సలోమి ఓ సాయంత్రం మొహం వేలాడేసుకొచ్చింది.

"తాతయ్యా, కథల పుస్తకం అడిగితే సారు ముందు లెక్కలు చూసుకోమన్నారు."

నాకు ఒళ్లు మండింది. మర్నాడే వెళ్లి, లైబ్రరీ చూసే లెక్కల మాస్టారిని వరండాలో పట్టుకున్నాను.

"పిల్లలు చింపేస్తారండీ," అన్నారాయన.

"దాచిపెడితే పుస్తకాలు పిల్లల్ని పెడతాయా?" అని అరిచాను. క్లాసులన్నీ కిటికీలకి అతుక్కుపోయాయి. సలోమి సిగ్గుతో తల దించుకుంది. అయినా నేను తగ్గలేదు. తాళం తీసేదాకా కదలనని బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

హెడ్మాస్టరు గారు పరుగున వచ్చి తాళం తీయించారు. తలుపు లాగ్గానే పై అరలోంచి చెదమట్టి బొళబొళా నా పంచె మీద రాలింది. అక్కడి పుస్తకాలకి అట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. పిల్లలు గొల్లున నవ్వారు. నాకు మాత్రం కళ్లనీళ్లొచ్చాయి.

కింది అరలో బతికిన పుస్తకాలు ఆ పూటే పిల్లలకి పంచారు. సలోమికీ ఒకటి దక్కింది. అయినా ఇన్నేళ్లుగా నా కోపం చల్లారలేదు. "ఇదేనా మీరు కాపాడింది?" అని అడిగితే, ఆ మాస్టారు తాపీగా ఇచ్చిన జవాబు అలాంటిది.

"పిల్లలు చింపితే నేను సంజాయిషీ చెప్పుకోవాలండీ. చెదలు తింటే ఎవరూ అడగరు."