బోరుబండి ఆదినారాయణ చెవి

పులివెందుల చుట్టుపక్కల బోరు వేయించే రైతు ముందు టెంకాయ పట్టి నీళ్లు చూసే మనిషిని పిలిపించేవాడు, తర్వాత బోరుబండిని పిలిపించేవాడు. బండి వెంట ఆదినారాయణ రావాలని మాత్రం పట్టుబట్టేవాడు. ఎందుకంటే ఆదినారాయణకు చెవి ఉంది. చెవులు అందరికీ ఉంటాయి గదా అనకండి. రాడ్డు మూడు వందల అడుగుల కింద తిరుగుతుంటే, కంప్రెసర్ ఊరంతా దద్దరిల్లేలా మొత్తుకుంటుంటే, ఆ రొదలో రాయి మారిన సంగతి పసిగట్టే చెవి అది.

ఒకసారి లింగాల దగ్గర బత్తాయిలు కాసే చీనీతోటలో ఒక ఇంజనీరు మిషన్ పెట్టి చూసి, ఇక్కడ చుక్క నీళ్లు లేవని కాగితం రాసిచ్చాడు. ఆదినారాయణ రాడ్డు మీద చెయ్యి వేసి, తల పక్కకు వంచి విని, "ఆపొద్దు, రాయి మారింది" అన్నాడు. ఇంకో ముప్పై అడుగులకు నీళ్లు ఎగజిమ్మాయి. మిషన్ ఒకటి చెప్పి చెవి ఇంకొకటి చెబితే చెవినే నమ్మాలని ఆ రోజే ఆయన మనసులో రాసిపెట్టుకున్నాడు. ఆ రాతే తర్వాత ఆయన్ను ముంచింది.

ఇరవై ఎనిమిదేళ్లు ఆ బండి మీద బతికాడు. చెవుల్లో దూది పెట్టుకోమని ఎవరన్నా అంటే, "దూది పెట్టుకుంటే రాయి మాట యాడ ఇనపడ్తాది?" అని నవ్వేవాడు.

అరవై దాటాక పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం అబద్ధం. కంప్యూటర్ తెచ్చి, దాంతో ఇంట్లో పాటలు వినే ఏర్పాటు మొదలుపెట్టాడు. ఏ పని పట్టుకున్నా నీళ్లు పడేదాకా వదలని మనిషి. కంప్యూటర్‌లో అంకెలుగా ఉన్న పాటను మళ్లీ పాటగా మార్చే చిన్న డబ్బా ఉంటుంది, డాక్ అంటారు. దానికోసం ప్రొద్దుటూరు నాలుగుసార్లు తిరిగాడు. జమ్మలమడుగులో మూతపడిన సినిమాహాలు స్పీకర్లు తెచ్చి వడ్రంగితో కొత్త పెట్టెలు చేయించాడు. కంప్యూటర్ ఫ్యాను రొద పాటలో కలుస్తోందని దాన్ని పక్క గదిలో పెట్టి, గోడకు బొక్క కొట్టి తెరకూ మౌస్‌కూ స్పీకర్లకూ వైర్లు లాగాడు. స్పీకర్లు గుయ్యిమంటుంటే పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ వేశాడు. పొద్దున్నే ఆయన భార్య ఇందిరమ్మ తులసికోటకు నీళ్లు పోస్తే, ఆయన ఎర్త్ గుంతకు పోసేవాడు. గుయ్యిమనడం ఆగిపోయింది. పాపం, ఇవన్నీ తెలివైన పనులే.

ఒక్కటే లోటు. పాటలో తాళాలు వినపడటం లేదు. గొంతు ఉంది, డప్పు ఉంది, పైన మెరవాల్సిన సన్నని శబ్దం మాత్రం లేదు. వైర్లు మార్చాడు, స్పీకర్లు జరిపాడు, చివరికి సన్నని శబ్దాలను ఎత్తి చూపే ట్రెబుల్ పెంచాడు. కొంచెం తెలిసింది. ఇంకా పెంచాడు. చివరిదాకా పెంచి, "ఇప్పుడు ఇనండి" అని వీధిలోవాళ్లను పిలిచాడు. అందరూ విని, శానా బాగుందన్నారు. పెద్దమనిషి, పైగా అడిగినవాళ్ల పాత క్యాసెట్లన్నీ ఊరికే కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తున్నాడు. ఆయన మొహం మీద బాగాలేదని ఎవరంటారు? ఇందిరమ్మ రోజూ సాయంత్రం మూల కూర్చుని దీపాలకు ఒత్తులు చేసుకుంటూ తల ఊపేది. మెల్లగా మాట్లాడే అలవాటు మా సీమలో లేదు కాబట్టి ఆయన చెవి సంగతి మాటల్లోనూ బయటపడలేదు.

అట్లాంటి రోజుల్లో సింహాద్రిపురం నుంచి సైదున్నీసా వచ్చింది. ఆమె భర్త అలీ అహ్మద్ పదిహేనేళ్లు ఆదినారాయణతో ఒకే బండి మీద చేశాడు. పీర్ల పండుగకు చావిడి ముందు ఆయన పాట ఎత్తితే నిప్పుల గుండం చుట్టూ జనం కదిలేవాళ్లు కాదు. మూడేళ్ల కింద గుండెపోటుతో పోయాడు. ఆయన పాడిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది, ఇరవయ్యేళ్ల నాటిది. ఆమె దాన్ని చీరకొంగులో చుట్టుకుని తెచ్చింది.

"ఇది తప్ప ఆయన గొంతు ఇంగెక్కడా లేదన్నా. ఫోన్లో గూడా లేదు. నీ చేతిలో అయితే భద్రమని తెచ్చినా."

"నాకు తమ్ముని లెక్క వాడు. నువ్వు నిమ్మళంగా ఉండు చెల్లెమ్మా" అన్నాడు ఆదినారాయణ.

మరునాడు రీలుకు పట్టిన బూజును పొడిగుడ్డతో తుడిచి, క్యాసెట్ పెట్టి ఎక్కించడం మొదలుపెట్టాడు. పాట మొదలైంది కానీ ఆయనకు కంబళి కప్పినట్టు వినపడింది. అలీ గొంతు ఇంత మబ్బుగా ఉండేది కాదే అనుకుని శబ్దం పెంచాడు, ట్రెబుల్ తోశాడు. కంప్యూటర్ తెర మీద శబ్దాన్ని కొలిచే గీత పైకి ఎగబాకి ఎర్రబడింది. ఎర్రబడితే శబ్దం హద్దు దాటిందని అర్థం, ఆ సంగతి ఆయనకు తెలుసు. కానీ చెవికి ఇంకా మబ్బుగానే ఉంది. చీనీతోట ఇంజనీరు గుర్తొచ్చాడు. గీతకేం తెలుసు అనుకుని ఇంకా పెంచాడు. గంటసేపు పాట ఎత్తిన ప్రతిసారీ గీత ఎర్రబడుతూనే ఉంది. రెండో వైపు చివరికి వస్తుండగా పాత రీలు చక్రాల్లో చుట్టుకుని, నాలుగైదు చోట్ల తెగి, పనికిరాకుండా పోయింది. ప్రాణం చివుక్కుమంది. పోతే పోయింది, పాట కంప్యూటర్‌లోకి వచ్చేసింది గదా అని సర్దుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం సైదున్నీసా వినడానికి వచ్చింది. రెండు స్పీకర్ల శబ్దం సరిగ్గా కలిసేచోట నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి ఉంది. అక్కడ కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టి, పాట పెట్టాడు.

ఆమె ఉలిక్కిపడి కొంగుతో చెవులు మూసుకుంది.

"రేకు మీద ఇనపమొల గీకినట్టుందన్నా. ఆయన గొంతు యాడ?"

"అదేందమ్మా, ఇంత తేటగా ఉంటే." ఆయన నవ్వబోయి, సాక్ష్యానికి వెనక్కి తిరిగాడు. "ఏమే, ఎట్లుందో చెప్పు."

మూల కూర్చున్న ఇందిరమ్మ పలకలేదు. గట్టిగా పిలిస్తే తలెత్తి, గబగబా రెండు చెవుల్లోంచి ఏదో తీసి గుప్పిట్లో దాచుకుంది. ఆదినారాయణ దగ్గరికి పోయి ఆ గుప్పిట విప్పాడు. ఒత్తుల దూది.

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేండ్లాయ. నీ సంబరం జూసి చెప్పలేకపోతి" అంది ఆమె. గోడ వైపు చూపించింది. "ఆ గడియారం టిక్కుటిక్కుమంటాంది. నీకు ఇనపడ్తాందా?"

ఆయన పాట ఆపి గడియారం కేసి చూశాడు. సెకన్ల ముల్లు తిరుగుతోంది. అది చప్పుడు చేయని రకమని ఆయన ఇన్నేళ్లూ అనుకున్నాడు.

కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ రెంటికన్నా ఎక్కువగా భయమేసింది. వీధిలో అందరికీ తను ఎక్కించి ఇచ్చిన క్యాసెట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటి సంగతి తర్వాత, ముందు ఈ ఒక్క గొంతు బతికితే చాలనుకున్నాడు. మౌస్ తీసి సైదున్నీసా చేతికిచ్చాడు.

"నాతో కాదు చెల్లెమ్మా. నువ్వే తగ్గించుకుంటా పో. వాని గొంతు వచ్చినకాడ ఆపు."

ఆమె తగ్గిస్తూ పోయింది. ఆయనకు పాట మళ్లీ కంబళి కిందికి పోయింది. ఆమె మొహం చూస్తూ కూర్చున్నాడు. మొహం విచ్చుకోలేదు.

"గీకుడు తగ్గింది. పాట ఎత్తినప్పుడల్లా పగిలిపోతాందన్నా."

ఎందుకు పగులుతోందో ఆయనకు తెలుసు. చెప్పకుండా ఉండలేకపోయాడు. "గీత ఎర్రగయ్యింది, నేను జూస్తానే ఉంటిని. హద్దు దాటింది దాటినట్టే తెగిపోయింటాది. అది మళ్లీ రాదు. నేనే పోగొట్టినా."

సైదున్నీసా కళ్లు తుడుచుకుని లేవబోతూ, పాట అయిపోయిందని కూడా చూడకుండా మౌస్ కింద పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆదినారాయణకు ఏదో గొణుగుడు వినపడింది, మాటలు కావు.

"ఏమైందమ్మా?"

"దగ్గుతాండాడు. ఆయన దగ్గే. మాట్లాడతాండాడు." ఆమె మొహం మొదటిసారి విచ్చుకుంది.

పాటకూ పాటకూ మధ్య అలీ పక్కవాడితో మెల్లగా అన్న మాటలు. మెల్లగా ఉన్నాయి కాబట్టి గీత హద్దు దాటలేదు, దాటలేదు కాబట్టి మిగిలాయి.

"ఏమంటాండాడు?"

ఆమె వెనక్కి జరిపి ఇంకోసారి వింది. తల వంచుకుని చెప్పింది.

"'పాట బాగ పడిందో లేదో మనకేం తెలుస్తాదిరా. రేపు ఆదినారాయణకు ఇనిపిద్దాం. ఆయప్ప చెవికి తెలుస్తాది' అంటాండాడన్నా."

ఆదినారాయణ లేచి స్పీకర్ దగ్గరికి పోయాడు. దాని పెట్టె మీద చెయ్యి వేసి, తల పక్కకు వంచి నిలబడ్డాడు.

"ఇంగోసారి పెట్టు చెల్లెమ్మా" అన్నాడు.

సైదున్నీసా మళ్లీ పెట్టింది.