నుదుటి మరకలు

ప్రయాణికులు దిగిపోయాక నలభై నిమిషాల్లో విమానాన్ని కడిగిన ముత్యంలా చేసి అప్పగించాలి. అందులో కిటికీలు తుడిచే వంతు ఆమెది. పన్నెండేళ్ళుగా అదే పని కావడంతో ఆమెను అందరూ అద్దాలక్క అంటారు. వెనకాలే తివాచీ మీద దుమ్ము లాగే మిషను తోసుకుంటూ వచ్చేది ఆమె ఆడపడుచు. ఇంట్లో సగంలో ఆగిన వాదనలన్నీ వాళ్ళిద్దరికీ ఇక్కడే పూర్తవుతాయి.

అద్దాలక్క ఎన్ని వేల విమానాలు ఎక్కిందో లెక్క లేదు. ఒక్కటీ ఆమెతో నేల విడవలేదు.

అయినా దారి సంగతి అద్దాలు చెప్పేవి. చూడదగ్గదేదో కనబడితే మనుషులు నుదురు అద్దానికి ఆనిస్తారు. అక్కడ జిడ్డు మరక పడుతుంది, దాని కింద ముక్కు చుక్క. పిల్లలైతే నాలుక గుర్తు కూడా వదులుతారు. ఎనిమిది గంటలు ఎగిరి మధ్యాహ్నం దిగే విమానంలో ఎప్పుడూ ఒకటే వరస: ఎడమ పక్క, రెక్క దాటిన దగ్గర్నుంచి చివరి దాకా మరకలే మరకలు. కుడి పక్క అద్దాల మీద గుడ్డ ఊరికే ఆడిస్తే చాలు. రెక్క మీది వరసల్లో రెండు పక్కలా శుభ్రమే. రెక్కను ఎంతసేపని చూస్తారు?

ఎడమ పక్క ఏముంది? అడుగుదామంటే ఆమె ఎక్కేసరికి ప్రయాణికులు ఒక్కరూ ఉండరు.

పన్నెండేళ్ళు నిండాక కంపెనీ ఆమెకో టికెట్ ఇచ్చింది. ఆ విమానం బయలుదేరి వచ్చే ఊళ్ళోనే ఆమె చెల్లెలు ఉంటుంది. వెళ్ళేది పొద్దున, తిరిగొచ్చే టికెట్ మాత్రం వేరే విమానానికి, రాత్రి చీకట్లో. చూస్తే వెళ్ళేటప్పుడే చూడాలి.

"ఎడమ పక్క కిటికీ. ముప్ఫై ఒకటో వరస," అంది కౌంటర్లో, తడుముకోకుండా.

"దూరపు కొండలు నునుపు వదినా," అంది తోడొచ్చిన ఆడపడుచు. "తీరా చూస్తే మబ్బులుంటాయి. మన ఇంటి కిటికీలోంచీ కనబడతాయి అవి."

"మన ఇంటి కిటికీకి ఒక్కరైనా నుదురు ఆనించారా?"

"ఆ దుమ్ముకు ఎవరు ఆనిస్తారు? నువ్వు తుడిస్తే కదా."

మూడు గంటలు ఎగిరాక కూడా ఎడమ పక్క గోధుమరంగు నేల తప్ప ఏమీ రాలేదు. అద్దాలక్క పక్కకు తిరిగింది. అటు కుడి పక్క, రెక్క వెనక, వరసగా నుదుళ్ళన్నీ అద్దాలకు అతుక్కుని ఉన్నాయి.

అప్పుడు తట్టింది. రోజూ తను చూసింది వచ్చే విమానాన్ని. ఇది వెళ్ళేది. మనిషి వెనక్కి తిరిగితే ఎడమ చెయ్యి ఇందాకటి కుడి వైపుకు పోదూ? పన్నెండేళ్ళ చదువులో ఆ ఒక్క ముక్కా వదిలేసింది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఒళ్ళో పడి ఎలా తొంగిచూస్తుంది? అప్పుడే వెనక తలుపులకుండే చిన్న అద్దాలు గుర్తొచ్చాయి. వచ్చే విమానంలో ఎడమ తలుపు అద్దం మీదా రోజూ ఒక మరక ఉండేది, నిలబడ్డ మనిషి ఎత్తులో. లేచి వెనక్కి నడిచింది.

"ఏం కావాలమ్మా?" అంది ఎయిర్‌హోస్టెస్.

"ఆ కుడి తలుపు అద్దంలోంచి ఒక్కసారి చూడొచ్చా?"

"అక్కడ అద్దం ఉందని మీకెలా తెలుసు?"

"రోజూ తుడుస్తాను. వచ్చేటప్పుడు ఎడమ తలుపుకు ఎవరో నుదురు పెడతారు."

ఆ అమ్మాయి నవ్వి పక్కకు జరిగింది. "ఆ మరకల్లో నావీ ఉంటాయి. సారీ అండీ. రండి."

అద్దాలక్క నుదురు ఆనించింది. అద్దం చల్లగా తగిలింది. చూడాల్సింది కింద ఎక్కడో ఉంటుందనుకుంది. కొండలు ఎదురుగా, తన కళ్ళ ఎత్తున నిలబడి ఉన్నాయి, మబ్బులే వాటి కింద ఉన్నాయి. తెల్లటి మంచు, మధ్యలో నల్లటి బీటలు, ఒక శిఖరం అంచున పొగలా ఎగిరిపోతున్న మంచుపొడి. ఎవరూ తొందరపెట్టలేదు. అవి అయిపోయేదాకా చూసింది.

వారం తర్వాత పనిలో ఆడపడుచు మిషను ఆపి అడిగింది. "ఇంతకీ నునుపేనా?"

"ఎక్కడి నునుపే. గరుకు. పగుళ్ళు లెక్కపెట్టొచ్చు."

ఆడపడుచు మళ్ళీ మిషను మీద చెయ్యి వేసింది. "వచ్చే ఏడు నాకూ టికెట్ వస్తుంది. ఎటు కూర్చోమంటావు?"

అద్దాలక్క గుడ్డ మడత మార్చింది.

"వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?"