ద్వాలి నిలువెత్తు మొక్కు

కీమో ఎక్కించుకునే మనిషి రెండు విడతల మధ్య ఇంటిపట్టున ఉండాలి. కాచి చల్లార్చిన నీళ్లు తాగాలి, పచ్చివి తినకూడదు, జనంలో తిరగకూడదు. ఇవన్నీ డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. అయినా మొన్న గురువారం ఉదయం ఆరున్నరకు మూతికి మాస్కు, బోడి తలకు నూలు చున్నీ చుట్టుకుని జనగామ స్టేషన్లో నిలబడ్డాను. నాలాంటివాళ్లు ఎవరైనా ఇలా బయలుదేరాలనుకుంటే ముందు రక్తపరీక్ష చేయించుకుని డాక్టరును అడగండి. నేను అడిగాను. ఆయన వెళ్లమని అనలేదు, వద్దని కూడా అనలేదు. మా ఆయన మాత్రం బండి మీద దింపుతూ, "నీకు జెప్పుడొకటే, ఆ గోడకు జెప్పుడొకటే" అన్నాడు.

వెళ్లాల్సింది మహబూబాబాద్ దగ్గరి ఒక తండాకు. అక్కడ ద్వాలి ఉంటుంది. వరంగల్ ఆసుపత్రిలో ఆమెది నా పక్క మంచం. మొదటిరోజు నా చేతికి నరం దొరక్క రెండుసార్లు పొడిచినప్పుడు నేను చిన్నపిల్లలా ఏడ్చాను. ఈ లంబాడామె తన సెలైన్ స్టాండును కూడా లాక్కుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుని కూర్చుంది. అప్పటి నుంచి ఇద్దరమూ ఒకే రోజుకు మందు రాయించుకుంటున్నాం. నాకు మొదట ఇచ్చిన మందు పని చేయలేదు, ఇప్పుడు రెండో రకం నడుస్తోంది. మా ఎదురు మంచం మీది ఆమె రావడం మానేసింది. ఎందుకని మేమెవరమూ నర్సును అడగలేదు.

పోయిన విడతకు ద్వాలి కూడా రాలేదు. ఫోన్ చేస్తే, "ఇగ నేను రాను అక్కా, ఫోన్ల జెప్పేటిది గాదు" అని పెట్టేసింది. వచ్చే సోమవారం మళ్లీ మా వంతు. అప్పుడు కూడా రాకపోతే ఆమె వైద్యం అక్కడితో ఆగిపోయినట్టే. నేను వెళ్లింది ఆమె ప్రాణం కోసమే అంటే పూర్తి నిజం కాదు. ఆమె లేకుండా ఆ మంచం మీద పడుకోవడం నా వల్ల కాలేదు. పోయినసారి మందు ఎక్కుతున్నంతసేపూ గోడవైపు తిరిగి పడుకున్నాను.

రైలులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా కూర్చున్న, ఖమ్మం పోతున్న ముసలమ్మ నా చున్నీ వంక చాలాసేపు చూసి, "తిరుపతి పోయొచ్చినవా బిడ్డా? దర్శనం మంచిగైందా?" అని అడిగింది.

"మంచిగైంది అవ్వా" అన్నాను. ఆమె నాకు చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం ఎక్కడ దాచుకోవాలో తెలియక కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను. కాజీపేట, వరంగల్ దాటి మహబూబాబాద్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. ఈ మందు మొదలైన దగ్గర్నుంచి నాకు ఏది తిన్నా ఇనుప ముక్క నాకినట్టే ఉంటుంది, కనుక అక్కడి ఇడ్లీ బాగుంటుందో లేదో మీకు చెప్పలేను. తండాకు ఆటో మాట్లాడుకున్నాను.

ద్వాలి ఇంటి ముందు మంచంలో కూర్చుని ఉంది. నెల రోజుల్లోనే మనిషి ఇంకా చిక్కింది. ముంజేతి గాజులు మోచేయి దాకా జారుతున్నాయి. ఆమె భర్త బాలు మార్కెట్ యార్డులో హమాలీ. ఆయన టీ పెట్టి తెచ్చాడు. తాగుతుంటే ఆమే మొదలుపెట్టింది.

మా వైపు సమ్మక్క తల్లికి ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటాం. పెద్ద ఆపద వస్తే నిలువెత్తు బంగారం మొక్కుకుంటారు. అంటే ఆపద గట్టెక్కాక ఆ మనిషిని తల్లి గద్దె దగ్గర తక్కెడలో కూర్చోబెట్టి, ఆ రోజు ఎంత తూగితే అంత బెల్లం ఇస్తారు. ద్వాలి కూడా మొక్కింది. రోగం బయటపడిన వారమే యార్డులో కాంటా ఎక్కి తన బరువు చూయించుకుంది. అంత బెల్లమూ బాలు అప్పుడే కొని రెండు సంచుల్లో కుట్టించి ఇంట్లో పెట్టాడు.

"ఆ మందు ఎక్కినప్పుడల్ల నేను తగ్గుతున్ననక్కా" అంది ద్వాలి. "తల్లికి ఇస్తనన్నదాంట్లకెల్లి అది కోసుకపోతున్నది. ఇట్లనే పోతే ఇయ్యనీకి నేనేం మిగుల్త? తల్లికి తక్కువిచ్చి నన్ను బతికియ్యమని ఏ మొఖం వెట్టుకోని అడగాలె?"

ఇదీ ఆమె మందు మానేసిన కారణం. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. బతికి బట్టకడితే బరువు అదే వస్తుందన్నాను. మందు మానేస్తే ఇంకా చిక్కిపోతావన్నాను. ఆమె కాదనలేదు, తల వంచుకుని విన్నది, అంతే. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, మాటల్లో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. "అట్లయితే ఇంకా తగ్గకముందే ఇచ్చేసొద్దాం పా. ఇయ్యాలనే పోదాం. మొక్కు తీరినంక సోమవారం మందుకు రా" అన్నాను.

బాలు అడ్డం పడ్డాడు. "పని గాకముందుకే మొక్కు ఎవలన్న చెల్లిస్తరా టీచరమ్మా?"

"ముందుగాల ఇస్తే తల్లి వద్దంటదా?" అన్నాను. పాపం, టీచరుతో వాదించడం ఇష్టంలేక ఊరుకున్నాడు. ద్వాలి తమ భాషలో ఆయనతో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. ఆయన లోపలికి వెళ్లి సంచులు బయటికి తెచ్చాడు.

ద్వాలి పుట్టింటివాళ్లు కొలిచే గద్దెలు భూపాలపల్లి అవతల, టేకుమట్ల దాటాక ఉన్నాయి. కాబట్టి నేను వచ్చిన దారినే మళ్లీ వరంగల్ దాకా రైల్లో వెనక్కి, హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సు. మీరు నేరుగా వెళ్లేట్టయితే ఈ చుట్టు తిరుగుడు అక్కర్లేదు.

బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టర్ నా కార్డు మీది ఫోటో చూశాడు. అందులో నాకు నడుము దాకా జడ, నిండు బుగ్గలు. ముఖం చూద్దామని మాస్కు తీయమన్నాడు. తీశాను. కనుబొమలు కూడా లేని నా ముఖాన్ని చూసి ఆయన కార్డు గబుక్కున తిరిగిచ్చి, "కూసోండక్కా, కూసోండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు. పొద్దున అద్దంలో నేనూ అలాగే తల తిప్పుకుంటాను.

సంచులకు మాత్రం లగేజీ టికెట్ కొట్టాడు. ద్వాలి ఊరికే వచ్చిందని, ఆమె ఎత్తు బెల్లానికి మాత్రం డబ్బులు పడ్డాయని బాలు అంటే, ఆ రోజు మొదటిసారి ముగ్గురం నవ్వాం. పరకాల బస్టాండులో ద్వాలికి వాంతి అయింది. నేను ఆమె వీపు నిమిరాను, కాసేపటికి ఆమె నా వీపు నిమిరింది.

భూపాలపల్లి చేరేసరికి సాయంత్రం ఐదు. బొగ్గు లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతుంటాయి, రోడ్డు పక్క చెట్ల ఆకులన్నీ నల్లగా ఉంటాయి. మాస్కు ఎలాగూ ఉంది కనుక నాకు ఇబ్బంది లేదు. బస్టాండు దగ్గరి లాడ్జిలో కింది అంతస్తు గది అడిగి తీసుకున్నాం. మీరూ కింది అంతస్తే అడగండి, మెట్లు మనవల్ల కాదు. పెరుగన్నం తెప్పించుకుని తలా నాలుగు ముద్దలు తిని పడుకున్నాం.

శుక్రవారం ఎనిమిదింటికి ఆటోలో టేకుమట్ల మీదుగా గద్దెలకు చేరాం. చిన్న గుట్ట కింద రేకుల పందిరి, పసుపు కుంకుమలు పూసిన వెదురు గడలు, చుట్టూ బెల్లం కుప్పలు. ఈగలు ముసురుతున్నాయి. పందిరి వాసానికి గొలుసులతో పెద్ద తక్కెడ వేలాడుతోంది. ముసలి పూజారి ద్వాలి నుదుట బొట్టు పెట్టి అడిగాడు.

"పని అయ్యిందా తల్లీ?"

"కాలే తాతా. రోగం ఇంక ఉన్నది."

"మరి ఇప్పుడెందుకొచ్చినవు బిడ్డా? పనిగాక ముందుకే మొక్కు ముట్టజెప్తే, ఇగ మన లెక్క అయిపోయిందనుకోదా తల్లి?"

ఆయన నిష్ఠూరంగా అడగలేదు, మామూలుగానే అడిగాడు. ద్వాలి నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉన్నా భరించేదాన్ని, కానీ ఉన్నది భయం. బాలు సంచులు దించి, "నేను నిన్ననే జెప్పలేదా?" అన్నాడు. ఆమె చేత మందు వేయించాలని తొందరపడి, ఆమె పట్టుకున్న ఒక్క ఆసరానూ నేనే ఊడగొట్టానా అనిపించింది. వెనక్కి వెళ్లిపోదామన్నాను.

ద్వాలి వినలేదు. "ఇంత దూరం వచ్చి తల్లికి కనవడకుంట ఎట్ల పోత?" అని తక్కెడలో ఒక పళ్లెంలోకి ఎక్కి కాళ్లు ముడుచుకుని కూర్చుంది. బాలు రెండో పళ్లెంలో బెల్లమంతా పేర్చాడు. బెల్లం పళ్లెం నేలకు ఆనుకుని కదలలేదు. ద్వాలి పళ్లెం పైకి లేచి గాలిలో నిలిచిపోయింది.

బాలు ఒక్కొక్క ముద్దా తీసి పక్కన గోనె మీద పెట్టసాగాడు. తీసినకొద్దీ కుప్ప పెరుగుతోంది కానీ ఆమె కిందికి రాదు. చివరికి రెండు పళ్లేలు సమానమయ్యేసరికి గోనె మీద మూడేళ్ల పిల్లంత బెల్లం చేరింది. ద్వాలి తక్కెడలోంచే దాని వంక చూసింది.

"గిదంత నేనేనా?" అంది. బాలు తల పక్కకు తిప్పుకున్నాడు. నేను ఏడ్చాను.

ఆమె ఏడవలేదు. నెమ్మదిగా దిగి పూజారి ముందు నిలబడింది. "తాతా, నా పని సగం గూడ కాలే. అందుకని ఇయ్యాల నేను ఎంత ఉన్ననో అంతే తల్లికి ఇస్తున్న. ఈ పక్కకు తీసింది ఇంటికి తీస్కపోత. ఇది మల్ల నా ఒంట్లెకు వచ్చినంక, అప్పుడు తెచ్చిస్త. అప్పటిదాంక మొక్కు తీరనట్టే. తల్లికి జెప్పు."

"ఇట్ల ఎవ్వలు జెయ్యంగ నేను చూడలేదు" అన్నాడు పూజారి. ఆ తర్వాత వంగి గోనె మీది బెల్లానికి కూడా పసుపు బొట్టు పెట్టాడు. "చీమలు వట్టకుంట జూస్కో. మీరు తినకుండ్రి, ఇంకొకలకు పెట్టకుండ్రి."

తిరుగు ప్రయాణంలో హనుమకొండ దాకా ద్వాలి నిద్రపోయింది. ఒక్క సంచే మిగలడంతో బాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వరంగల్ స్టేషన్ చేరేసరికి మూడు దాటింది. వాళ్లకు మహబూబాబాద్ బండి, నాకు జనగామ బండి, ప్లాట్‌ఫారాలు వేరు. నాకు అడగడానికి ధైర్యం చాలలేదు. అడక్కుండా రైలెక్కడానికీ కాళ్లు రాలేదు.

"సోమవారం వస్తవా ద్వాలీ?"

"వస్తనక్కా. తల్లికి ఇంక బాకీ ఉన్న. మొత్తం ఇయ్యకముందుకే నేను యాడికి పోత?"

నా రైలు నాలుగింటికి వచ్చింది. కూర్చున్నాను గానీ మనసు కుదుటపడలేదు. మీలో ఎవరైనా ఆ గద్దెలకు వెళ్తే రోగం నయమవుతుందా అని నన్ను అడగొద్దు. నాకు తెలియదు. మా వార్డులో ఎంత గట్టిగా నమ్మినవాళ్లూ పోయారు, నమ్మనివాళ్లూ పోయారు. ద్వాలి బరువు తిరిగి వస్తుందని నేను అనుకోవడం లేదు. నా రెండో మందు పని చేస్తుందనీ నిజానికి అనుకోవడం లేదు. కానీ ఆమె సోమవారం వస్తుంది. తీరని మొక్కు ఒకటి ఆమెను పట్టుకుని ఉంది. నన్ను పట్టుకున్నదేదీ లేదు. ఆ మాట తోచగానే ఆమె మీద నాకు అసూయ పుట్టింది, అంత చిక్కిన మనిషి మీద.

ఘన్‌పూర్ దాటాక ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"ద్వాలీ, ఆ మిగిలిన బెల్లం ఇయ్యబోయిననాడు నన్ను గూడ తోల్కపోవాలె. నన్ను ఇడిశిపెట్టి పోకు."

"అట్లయితే అప్పటిదాంక నువ్వు గూడ ఉండాలె గద అక్కా" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఏ దేవుడికీ మొక్కని దాన్ని, ఉంటానని ఆమెకు మాటిచ్చాను.