ఇరవై ఆరు గంటల పోటు

వాసన రబ్బరు ముక్కుకు తగిలితే అందరికీ చిన్నప్పటి పరీక్షలు గుర్తొస్తాయేమో. నాకు అప్పలనాయుడు మాస్టారు గుర్తొస్తారు. మొన్న పోర్ట్ బ్లెయిర్ పక్కన గరాచర్మలో ఒక బడికి వెళ్లాను. రాత్రంతా వాన కురిసి అప్పుడే తెరిపిచ్చింది. కంప్యూటర్ గదిలో ఒక పెట్టె తెర వెలిగించకుండా కీమని కూత పెట్టింది. ఒక పిల్లవాడు దాని పక్క రేకు విప్పి, లోపలి మెమరీ పట్టీని లాగి, మెరిసే అంచును రబ్బరుతో రుద్దాడు. మా దీవుల ఉప్పుగాలికి ఆ అంచు మీద మకిలి పడుతుంది, రుద్దితే పోతుంది. గదంతా స్ట్రాబెరీ వాసన వచ్చింది. కంప్యూటర్ తెర వెలిగింది. నేను మాత్రం ఆ గదిలో లేను, బ్రూక్షాబాద్ బస్సులో మాస్టారి పక్కన కూర్చుని ఉన్నాను.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, మొదటి ఉద్యోగంలో చేరేనాటికి సునామీ వచ్చి కొన్నేళ్లయింది. అప్పుడు వచ్చిన సాయంలో కొంత బడులకు కంప్యూటర్లుగా మారింది. ఆ ఖర్చు ఫలించిందా లేదా అని బడి బడికీ వెళ్లి చూసి చెప్పడం మా పని. ఫలించలేదని మేము రాసిన చోటి నుంచి కంప్యూటర్లు తీసి మరో బడికి పంపిస్తారు. మాస్టారు నా పై అధికారి. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు, ఆయన పుట్టింది ఇక్కడే. చాలాకాలం లెక్కలు చెప్పి ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చారు. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్ల చొక్కా, చేతిలో గొడుగు.

నాకు ఏ పనైనా గడులు గీసుకుంటే తప్ప మనసు కుదుటపడదు. చేరిన వారంలోనే ఒక పెద్ద పట్టిక తయారుచేశాను: ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని పనిచేస్తున్నాయి, గది శుభ్రత, హాజరు, చెప్పిన పాఠాలు, ప్రతిదానికీ మార్కులు. నాలుగు కాగితాలు అతికిస్తే గాని అది పట్టలేదు. మాస్టారు దాన్ని బల్ల మీద పరిచి చేత్తో ముడతలు సవరించారు.

"ఏటి బాబూ ఇది, దుప్పటా?"

"ఫలితం కొలిచే పట్టిక సార్."

"బాగుంది. చలికాలం పనికొస్తాది," అని మడిచి నా చేతిలో పెట్టారు. "తీసుకురా. దీన్నీ తిప్పుదాం."

ఆఫీసు జీపు ఉన్నా ఆయన ఎక్కేవారు కాదు. "జీపు చప్పుడు వింటే బడి మొహం కడుక్కుంటాది. మనం పాచి మొహం చూడాలి," అనేవారు. అందుకని అబర్డీన్ బజార్ బస్టాండులో సమోసా తిని, చాయ్ తాగి, మామూలు బస్సులో వెళ్లేవాళ్లం. నా పట్టిక మీద నూనె మరకలన్నీ ఆ సమోసాలవే.

మేము చూసిన మొదటి బడి పట్టణంలోదే. కంప్యూటర్ గది గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. ఉప్పుగాలి తగలకుండా ప్రతి కంప్యూటర్‌కూ ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు మీద విశ్వకర్మ పూజనాడు పెట్టిన కుంకుమ బొట్టు. నేల అద్దంలా ఉంది. హెడ్మాస్టరు గారు సంతోషంగా, "ఒక్కటి కూడా పాడవలేదు సార్. ఏక్‌దమ్ కొత్తవి," అన్నారు.

"పాడవడానికి వాటికి వీలిచ్చేరా సార్?" అన్నారు మాస్టారు, ఆయన కూడా అంతే సంతోషంగా.

ఒక అబ్బాయిని పిలిచారు. వాడు పది వరకు అంకెలు ముద్రించే ప్రోగ్రామును చకచకా కొట్టి చూపించాడు. "శభాష్. ఇప్పుడు పన్నెండు వరకు రప్పించు," అన్నారు మాస్టారు. వాడు తెర వంక చూడలేదు, టీచరు వంక చూశాడు. టీచరు హెడ్మాస్టరు వంక చూశారు. మాస్టారు వాడి భుజం తట్టి, "పర్లేదు నాన్నా, పది చాలు," అని లేచారు.

బ్రూక్షాబాద్ బస్సులో నేను మార్కులు కూడి చూశాను. నా పట్టిక ప్రకారం ఆ బడికి దాదాపు పూర్తి మార్కులు వచ్చాయి. ఆయనకు చూపించాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

"సునామీ అయ్యాక నాకు పడవలు లెక్కపెట్టే డ్యూటీ వేసేరు," అన్నారు. "సాయంగా ఇచ్చిన కొత్త పడవలు. ఇసక మీద వరసగా, నిగనిగలాడతా ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, అన్నీ బాగున్నాయి అని రాసిచ్చేను. ఒక ముసలాయన వెనక నుంచి, 'మాస్టారూ, వలలు రాలేదు కదా, అందుకే బాగున్నాయి' అన్నాడు. అప్పటినుంచి బాగా మెరిసేది చూస్తే నాకు అనుమానం, బాబూ."

నేను వినయంగా తలూపాను గాని మార్కులు మాత్రం కొట్టివేయలేదు.

బ్రూక్షాబాద్ వైపు బడిలో చదివేది ఎక్కువగా సునామీ తర్వాత ఒడ్డు నుంచి లోపలికి మారిన కుటుంబాల పిల్లలు. కంప్యూటర్ గదిలో సగం పెట్టెలకు పక్క రేకులు లేవు. కీబోర్డుల మీద అక్షరాలు అరిగిపోయాయి. మూల బెంచీ మీద విప్పిన భాగాలు. ప్రతి కంప్యూటర్ పక్కనా ఒక వాసన రబ్బరు. నేను గడులు నింపుతూ పోయాను: శుభ్రత సున్నా, పనిచేసేవి సగం. అక్కడ కంప్యూటర్లు చెప్పే కల్యాణి గారు నా కలం కదలడం చూస్తూ నిలబడ్డారు. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం.

"భయ్యా, ఇది బాగోలేదని రాస్తే సామానంతా టౌనుకి పట్టుకుపోతారు కదా?" అని మెల్లిగా అడిగారు. "నాకెక్కడో దొరుకుతాది పని. ఈ పిల్లలు మాత్రం కంప్యూటర్ కోసం బస్సెక్కి టౌనుకి వెళ్లరు."

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన అప్పటికే ఒక స్టూలు లాక్కుని పార్వతి అనే అమ్మాయి పక్కన కూర్చున్నారు. ఆ అమ్మాయి కంప్యూటర్ కీమంది. ఆమె మా ఎవరినీ పట్టించుకోకుండా పట్టీ లాగి, రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చింది. తెర వెలిగింది.

"నువ్వు చేసింది ఒకటి చూపించమ్మా."

"సముద్రం టైమ్ చూపిస్తా సార్. ఇవాళ పోటు ఎన్నింటికో ఇస్తే రేపటిది చెప్తాది. రోజుకి యాభై నిమిషాలు లేటు కదా."

"ఎందుకు చేసేవు?"

"మా అమ్మ కోసం. టైమ్ తెలీకపోతే నాన్నని పడవెక్కనివ్వదు. రోజూ ఝగడా."

మాస్టారు నవ్వాపుకుంటూ, "వారం తరవాతది చెప్పమను," అన్నారు. పార్వతి ప్రోగ్రాములో ఒక వరస మార్చి, ఆ రాత్రి పోటు తొమ్మిదికి కాబట్టి ఇరవై ఒకటి అని కొట్టింది. తెర మీద జవాబు వచ్చింది: ఇరవై ఆరు గంటల యాభై నిమిషాలు.

గదంతా గొల్లుమంది. "పార్వతీ, మీ నాన్న ఏ లోకంలో వేటకెళ్తాడే?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. కల్యాణి గారి మొహం పాలిపోయింది. కంప్యూటర్ ఆపేద్దామని చెయ్యి చాపారు. మాస్టారు తన గొడుగును అడ్డంగా పెట్టారు, మెత్తగా, రైల్వే గేటులా.

"రుకో సార్," అంది పార్వతి. పెదవి కొరుక్కుంటూ తెర వైపు చూసింది. ఎవరి మొహం వైపూ చూడలేదు. "ఇరవై నాలుగు దాటితే అది తీసెయ్యాలి. మర్చిపోయా." రెండు వరసలు కలిపింది. రాత్రి రెండు యాభై అని వచ్చింది. "ఇప్పుడు ఠీకే," అని మా వైపు తిరిగింది.

తిరుగు బస్సులో మాస్టారు నా దుప్పటి అడిగారు. అన్ని గడులకంటే ముందు, అంచున మిగిలిన ఖాళీలో నిలువుగా ఒక గీత గీసి, పైన రాశారు: 'తప్పొస్తే పిల్లలు ఎవరి వైపు చూశారు?'

"దీనికి మార్కులెలా వేయాలి సార్? కొలమానం ఏమిటి?"

"నువ్వే. స్టూలు లాక్కుని కూర్చో, కనబడతాది."

మిగతా గడులు ఆయన కొట్టివేయలేదు. "ఇవీ ఉండాలి. రేపు ఎవడైనా కంప్యూటర్ ఎత్తుకుపోతే ఇవే పనికొస్తాయి," అన్నారు. పై ఆఫీసులో ఆ కొత్త గడి చూసి చాలా ప్రశ్నలు వేశారు. మాస్టారు ఇరవై ఆరు గంటల పోటు కథ చెప్పారు. వాళ్లూ నవ్వారు. నవ్వాక కాదనడం కష్టమైంది కాబోలు, బ్రూక్షాబాద్ కంప్యూటర్లు అక్కడే ఉండిపోయాయి, కల్యాణి గారితో సహా. పట్టణం బడి హెడ్మాస్టరు గారికి మాస్టారు స్వయంగా ఫోను చేసి, తొడుగులు తీసేయమనీ, కావలిస్తే బొట్టు పిల్లల వేళ్లకి పెట్టమనీ చెప్పారు. ఆ మాట విని ఆయన నిజంగానే తొడుగులు తీయించారు.

రెండేళ్ల క్రితం మాస్టారు పోయారు. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను. పట్టిక కంప్యూటర్లోకి ఎక్కింది, గడులు ఇంకా పెరిగాయి, నా స్వభావం మారలేదు. అయినా జీపెక్కను. మొన్న గరాచర్మలో, రబ్బరుతో రుద్దిన ఆ పిల్లవాడు తన ప్రోగ్రాము నడిపితే తెర నిండా తప్పులే వచ్చాయి. టీచరు గబగబా ముందుకొచ్చారు. నా చేతిలో గొడుగు ఉంది. అది ఎప్పుడు అడ్డం పెట్టానో నాకే తెలియలేదు. మాస్టారు చేర్చిన మొదటి గడి ఖాళీగా వదిలి, స్టూలు లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. వాడు ఎటు చూస్తాడా అని ఎదురుచూశాను.