డెబ్భై అని చదివాను

ఇంజను బాగుచేసిన మనిషి, ఆ విమానం మళ్లీ మొదటిసారి లేచేటప్పుడు అందులో కూర్చోవాలి. మా చిన్న ఫ్లయింగ్ స్కూల్లో ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. మెకానిక్ చాచా తనంతట తాను పెట్టుకున్న పద్ధతి. "నేను చేసిన పనిల నేను కూసోకపోతే నిన్నెట్ల కూసోవెడ్త బిడ్డా" అనేవాడు. సిరిసిల్లలో మరమగ్గాల మోటార్లు విప్పడంతో మొదలుపెట్టి, ఎక్కడెక్కడో తిరిగి విమానాల దాకా వచ్చిన మనిషి. నేను కోరుట్లలో బీడీలు చుట్టే ఇంట్లోంచి వచ్చి పైలట్‌నయ్యాను. కొత్తవాళ్లకు నేర్పుతూ అక్కడే ఉండిపోయాను.

ఇప్పుడు చెప్పబోయే ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, నేనొక్కదాన్నే సిరిసిల్ల మీదుగా వస్తుంటే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. వాడకంలో లేని పాత రన్‌వే ఒకటి కనిపిస్తే దింపేశాను. అందరూ శభాష్ అన్నారు. ఫోన్లో అమ్మ ఏడ్చింది. "సరే" అన్నాను. అన్నం తిన్నాను, రుచి తెలియలేదు. పడుకున్నాను, నిద్ర పట్టింది. దాన్ని ధైర్యమన్నారు. ధైర్యమూ కాదు, నా మొహమూ కాదు. మొద్దుబారిపోయాను, అంతే.

స్కూలు యజమాని మాత్రం ఫోన్లో ఒంటికాలి మీద లేచాడు. "పోయిన నెల సాఫ్ చేసింది ఆయనే కదా. ఇంకొక్క తప్పు దొర్లితే ఇంటికి పొమ్మని చెప్పు." స్పీకర్ ఆన్‌లో ఉంది. బాగుచేయడానికి అక్కడికి వచ్చిన చాచా పక్కనే ఉన్నాడు. రెంచి తుడుచుకున్నాడు. ఈ ఉద్యోగం పోతే ఆ వయసులో ఇంకో చోట దొరకదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఇంకోటి నాకొక్కదానికే తెలుసు. ఏడాదిగా ఆయనకు చూపు ఆనడం లేదు. చెయ్యి తడిమి పని చేసేవాడు. మీటర్లలో ముల్లు ఎక్కడుందో నేను పైకి చదివితే, తన పుస్తకంలో పెద్దపెద్ద అంకెలతో రాసుకునేవాడు. ఎవరైనా చూస్తే పద్ధతి అనుకునేవారు. బయటపడకుండా నేనే కాసుకొచ్చాను.

ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే పెట్టెలు రెండుంటాయి, మాగ్నెటోలంటారు. చెడిపోయింది ఎడమది. ఆ పాత రన్‌వే మీదే, ఎండకు కట్టిన తాటిపత్రి గుడ్డ కింద మూడు రోజులు కూర్చుని చాచా దాన్ని బాగుచేశాడు. బయలుదేరేముందు తాళం తిప్పి ఒక్కోదాన్నీ ఆపి చూస్తాం. ఒకటి ఆగితే ఇంజను వేగం కొద్దిగా పడాలి. ఆ రోజు కుడిది ఆపాను, పడింది. ఎడమది ఆపాను. ముల్లు కదల్లేదు.

తెలియనివాళ్లు అది మంచిదే అనుకుంటారు. మంచిది కాదు. తాళం నుంచి పెట్టెకు పోయే తీగ ఊడిందని అర్థం. గాల్లో దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ నేల మీద తాళం తీసేశాక కూడా ఆ పెట్టె బతికే ఉంటుంది. ఎవరైనా ముందున్న పంకా మీద చెయ్యేసి కాస్త కదిపితే ఇంజను లేస్తుంది, ఆ చెయ్యి పోతుంది.

"ఎంత పడ్డది బిడ్డా?" అన్నాడు చాచా, పెన్ను పట్టుకుని.

"డెబ్భై" అన్నాను.

రాసుకున్నాడు.

ఎందుకన్నానో అప్పట్లో నాకు నేను చక్కగా చెప్పుకున్నాను. నిజం చెబితే మళ్లీ విప్పాలి, ఆలస్యమవుతుంది, యజమానికి తెలుస్తుంది, చాచా పని అయిపోతుంది. స్కూలుకు చేరాక చాటుగా చెబితే చాటుగానే సరిచేస్తాడు. ఆయన కోసమే కదా. ఇప్పుడనిపిస్తుంది, భయం ఉన్న మనిషైతే ఆ అబద్ధం ఆడేది కాదు. నాకు ఏదీ అంటడం లేదు, చాచా కూడా.

ఎగిరాం. కుడివైపు మల్యాల చెరువులు, కొండగట్టు. చాచా కళ్లు మూసుకుని అటు తిరిగి దండం పెట్టాడు. ఆయన అన్ని దేవుళ్లకూ పెడతాడు. ఇంజను చప్పుడు వింటూ, "ఎంత సాఫ్‌గ నడుస్తుందో సూడు. నా చేతులు ఇంకా మంచిగనే ఉన్నయి" అన్నాడు. జగిత్యాల దాటి కోరుట్ల వైపు తిప్పాను. కళ్లాల్లో పసుపు ఆరబోసి ఉంది. మా వాడ కప్పులు కనిపించాయి. పటం చూసినట్టు చూశాను.

రోడ్డు పక్కన మా రన్‌వే మీద దిగాక చూస్తే యజమాని కొబ్బరికాయతో నిలబడి ఉన్నాడు. ఆఫీసు ఊడ్చే అక్క పంకాకు బొట్టు పెట్టడానికి పళ్లెంలో పసుపు కుంకుమ పట్టుకుని సిద్ధంగా ఉంది. ఈ సంగతి నేను అనుకోలేదు. రిపేరైన బండికి బొట్టు పెట్టని ఇల్లు మా దగ్గర ఒక్కటి చూపించండి. అయినా నేను అనుకోలేదు.

ఇంజను ఆపేముందు చాచా చెయ్యి చాచి, తాళం ఒక్క క్షణం పూర్తిగా తిప్పాడు. అదీ ఆయన అలవాటే. ఇంజను ఆగిపోబోవాలి. ఆగలేదు, అట్లాగే తిరిగింది.

చాచా నా వైపు తిరిగాడు. పెట్రోలు కట్టేసి పంకా ఆగేదాకా చూసి, నాకంటే ముందు దూకి, చేతులు బార్లా చాపి దాని ముందు నిలబడ్డాడు. అప్పటికే అక్క వేలికి కుంకుమ అద్దుకుని చెయ్యి ఎత్తింది. జానెడు దూరం.

"ఎవ్వలు ముట్టకుండ్రి. తీగ ఊడింది."

యజమాని పుస్తకం లాక్కుని చూశాడు. "డెబ్భై అని రాసి ఉంది కదా. ఎవరు చదివిండ్రు?"

"నేనే సదివిన" అన్నాడు చాచా. "కండ్లు కనవడ్తలెవ్వు సార్. ఏడాదైంది."

ఏడాదిగా దాచిన మాటను అందరి ముందు నేల మీద పెట్టాడు. యజమాని కేకలేయలేదు. కళ్లు కనిపించని మెకానిక్‌తో కేకలేసి లాభమేముంది. జీతం లెక్క చూసుకుని పొమ్మని చెప్పి ఆఫీసు గదిలోకి వెళ్లాడు. నేను రెండడుగుల దూరంలో హెడ్‌సెట్ పట్టుకుని నిలబడ్డాను.

చాచా ఆ తీగ బిగించేసరికి పావుగంట పట్టింది. సిరిసిల్లలో చెప్పి ఉంటే అక్కడా అంతే పట్టేది. మేమిద్దరం తప్ప అక్కడ ఎవరూ లేరు, ఎవరికీ తెలిసేది కాదు. చేతులు కడుక్కుంటుంటే వెనక నిలబడి అడిగాను, "గట్ల ఎందుకు చెప్పినవ్ చాచా?"

"ఆయన ఎవరు సదివిండ్రు అన్నప్పుడు కొంచెంసేపు ఆగిన బిడ్డా. నువ్వు చెప్తవేమోనని."

కోపంతో అనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని పనిముట్ల పెట్టె సర్దుకోవడానికి పోయాడు. ఇప్పుడైనా ఏడుపొస్తుందని చూశాను, రాలేదు. యజమాని గది తలుపు తెరిచే ఉంది. చాచా పెట్టె సర్దుకుని, జగిత్యాల బస్సెక్కేదాకా తెరిచే ఉంది. నేను అటు పోలేదు.